క్యామ్ సాఫ్ట్‌వేర్‌తో సిఎన్‌సి మిల్లింగ్ ప్రోగ్రామ్ తయారు చేయడం ఎలా: ఒక అల్యూమినియం జాబ్ మొదటి నుంచి చివరి దాకా

మోడల్ నుంచి మెషీన్ ప్రోగ్రామ్ తయారు చేసి ఇచ్చే క్యామ్ సాఫ్ట్‌వేర్ మీరు ఇచ్చిన ఏ సమాచారాన్నీ అనుమానించదు. వైస్ దవడ ఎంత ఎత్తులో ఉందో, టూల్ తనను పట్టి ఉంచే కొలెట్ నుంచి ఎంత బయటికి వచ్చి ఉందో, ముడి దిమ్మె నిజంగా ఎంత మందం ఉందో మీరు చెప్పినదే దానికి సత్యం. అందువల్ల టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) గీయించడం కంటే ముందు, మెషీన్ మీద ఉన్న వాస్తవాన్ని తెర మీద ఉన్నది ఉన్నట్టుగా ఉంచడమే ప్రోగ్రామర్ చేయవలసిన అసలు పని. ఈ వ్యాసంలో ఒకే జాబ్‌ను తీసుకుని, డ్రాయింగ్ చేతికి వచ్చిన క్షణం నుంచి రెండో సెటప్ కొలత పూర్తయ్యే వరకు ఏ పని తరువాత ఏది చేయాలో వివరిస్తాను.

మన జాబ్ 6061 అల్యూమినియంతో చేయవలసిన ఒక పలక. పొడవు 100 మి.మీ., వెడల్పు 60 మి.మీ., మందం 20 మి.మీ. పై ముఖం మధ్యలో 60 మి.మీ. పొడవు, 30 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. లోతు ఉన్న పాకెట్ (గుంట) ఉంది. దాని మూలల వ్యాసార్థం 6 మి.మీ. నాలుగు మూలల దగ్గర నాలుగు ఎం8 ట్యాప్ (మరలు కోసిన) రంధ్రాలు ఆరపార ఉన్నాయి. అంచులన్నిటికీ 0.5 మి.మీ. ఛాంఫర్ (అంచు ఏటవాలు కోత) కావాలి. మెషీన్ మూడు యాక్సిస్‌ల వర్టికల్ మెషీనింగ్ సెంటర్. మీరు ఫ్యూజన్ వాడినా, మాస్టర్‌క్యామ్ వాడినా, సాలిడ్‌క్యామ్ వాడినా, ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ వాడినా మెనూల పేర్లు మారతాయి గాని పని వరుస మారదు.

ముందుగా డ్రాయింగ్ చదవండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందు డ్రాయింగ్‌తో పది నిమిషాలు కూర్చోండి. ఏ కొలతకు టాలరెన్స్ (అనుమతించిన తేడా) బిగుతుగా ఉంది, ఏ ముఖం మరో భాగానికి ఆనుకుంటుంది, అన్నిటికంటే లోతైన చోటు ఏది, అన్నిటికంటే చిన్న లోపలి మూల ఏది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబులు దొరికితే సగం ప్రణాళిక తయారైనట్టే. మన పాకెట్ మూల వ్యాసార్థం 6 మి.మీ. కాబట్టి 10 మి.మీ. ఎండ్ మిల్ (పక్కలతోనూ కోసే టూల్) హాయిగా తిరుగుతుంది. అదే మూల సరిగ్గా 5 మి.మీ. అయి ఉంటే ఆ టూల్ మూలలోకి వెళ్లిన క్షణంలో దాని చుట్టుకొలతలో పావు భాగం ఒక్కసారిగా గోడను పట్టుకుంటుంది. టూల్ అదిరి, ఆ మూలలో చారలు పడతాయి. అలాంటప్పుడు 8 మి.మీ. టూల్ ఎంచుకోవాలి, లేదా డిజైన్ చేసినవారిని అడిగి మూలను కాస్త పెంచాలి. ఒక చిన్న ప్రశ్న ఇక్కడ అడగడం వల్ల మెషీన్ దగ్గర గంటలు మిగులుతాయి కాబట్టి అడగడానికి వెనుకాడవద్దు.

మోడల్‌ను వీలైనంత వరకు స్టెప్ ఫార్మాట్‌లోనే తెచ్చుకోండి. ఎస్‌టిఎల్ ఫైల్‌లో ఉపరితలమంతా చిన్న చిన్న త్రిభుజాలుగా ఉంటుంది కాబట్టి, రంధ్రాన్ని రంధ్రంగా గుర్తించి డ్రిల్లింగ్ ఆపరేషన్ ఇవ్వడం కష్టమవుతుంది. ఫైల్ తెరవగానే ఒక పొడవు కొలిచి చూడండి. 100 ఉండవలసిన చోట 2540 కనిపిస్తే యూనిట్లు తప్పాయని అర్థం. మరొక విషయాన్ని చాలామంది గమనించరు: మోడల్‌లో ఉండేది నామినల్ కొలత మాత్రమే. డ్రాయింగ్‌లో పాకెట్ వెడల్పు 30 మి.మీ., పైకి 0.05, కిందికి సున్నా అని ఉంటే, మోడల్‌ను అనుసరించిన టూల్‌పాత్ సరిగ్గా 30.000 దగ్గర, అంటే టాలరెన్స్ కింది గీత మీద నిలబడుతుంది. టూల్ కాస్త అరిగితే జాబ్ పోయినట్టే. మీ లక్ష్యం 30.025 అయి ఉండాలి. దాన్ని ఎలా సాధించాలో ఫినిషింగ్ దగ్గర చెబుతాను.

సెటప్: ముడి దిమ్మె, పట్టు, జీరో

సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ అని పిలిచే ముడి దిమ్మెను మోడల్ చుట్టూ తనంతట తానే వచ్చే డబ్బాగా వదిలేయకుండా, మీ చేతిలో ఉన్న దిమ్మె కొలతలే ఇవ్వండి. మన దిమ్మె 105 × 65 × 30 మి.మీ. అనుకుందాం. మొదటి సెటప్‌లో పైనుంచి 1 మి.మీ. ఫేసింగ్‌లో (ముఖాన్ని సమం చేసే కోతలో) పోతుంది, తరువాత 20 మి.మీ. మన పలక, అడుగున 9 మి.మీ. అదనపు లోహం మిగులుతుంది. వైస్ పట్టుకోవలసింది ఈ అదనపు లోహాన్నే. దవడలు 6 మి.మీ. పట్టుకునేలా ప్యారలల్స్ (దిమ్మె కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) ఎత్తు ఎంచుకుంటే, బయటి అంచును కోసే టూల్‌కు, దవడ పై భాగానికి మధ్య తగినంత ఖాళీ ఉంటుంది. వైస్ మోడల్ మీ దగ్గర ఉంటే దాన్ని కూడా సెటప్‌లో చేర్చండి. లేకపోతే దవడల స్థానంలో రెండు సాదా దిమ్మెలు గీసి పెట్టినా సిమ్యులేషన్ ఢీకొనడాన్ని పట్టుకోగలదు.

ఇప్పుడు జీరో. చాలామంది ముడి దిమ్మె పై ముఖాన్ని జడ్ జీరోగా (నిలువు కొలతలు మొదలయ్యే చోటుగా) తీసుకుంటారు. రంపంతో కోసిన ముఖం సమంగా ఉండదు కాబట్టి, ఒక దిమ్మె నుంచి మరో దిమ్మెకు ఆ జీరో మారిపోతుంది. ఈ సెటప్‌కు నేను ప్యారలల్స్ పై ముఖాన్ని, అంటే దిమ్మె అడుగును, జడ్ జీరోగా పెట్టడాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. అప్పుడు దవడ పై అంచు జడ్ 6 దగ్గర, పాకెట్ అడుగు 17 దగ్గర, పూర్తయిన పై ముఖం 29 దగ్గర, ముడి ముఖం 30 దగ్గర ఉంటాయి. ఈ ఏర్పాటులో గొప్ప సౌలభ్యం ఏమిటంటే, ప్రోగ్రామ్‌లో పనికి సంబంధించిన ఏ కదలికలోనైనా జడ్ విలువ సున్నా కంటే కిందికి పోయిందంటే అది తప్పే. ఆ ఒక్క నియమంతో వేల లైన్ల ప్రోగ్రామ్‌ను కూడా టెక్స్ట్ ఎడిటర్‌లో వెతికి నిమిషంలో తనిఖీ చేయవచ్చు.

ఎక్స్, వై జీరోలను దిమ్మె మధ్యలో పెట్టండి. ఎడ్జ్ ఫైండర్‌తో ఎడమ పక్కనొకసారి, కుడి పక్కనొకసారి తాకించి సగం తీసుకుంటే మధ్య బిందువు దొరుకుతుంది. ఎడ్జ్ ఫైండర్ వ్యాసార్థం రెండు వైపులా ఒకేలా పడి తనంతట తానే రద్దవుతుంది. దిమ్మె 105కు బదులు 104.4 ఉన్నా రెండు పక్కలా సమానంగా లోహం మిగులుతుంది.

టూల్ లైబ్రరీలో నిజం ఉండాలి

టూల్ వ్యాసం, దంతాల సంఖ్య, కోత పొడవు, కొలెట్ నుంచి బయటికి ఉన్న పొడవు, హోల్డర్ ఆకారం అన్న ఐదు వివరాలూ మీ డ్రాయర్‌లో ఉన్న టూల్‌వే కావాలి. ఐదింటిలో నాలుగోదాన్ని తేలికగా తీసుకోకూడదని నేను అనుభవంతో నేర్చుకున్నాను. 30 మి.మీ. లోతున్న ఒక పాకెట్‌కు ప్రోగ్రామ్ రాస్తూ టూల్ 38 మి.మీ. బయటికి ఉన్నట్టు పెట్టాను. సిమ్యులేషన్ ఏ తప్పూ చూపలేదు. మెషీన్‌లో ఆ టూల్‌ను 28 మి.మీ. మాత్రమే బయటికి ఉంచి బిగించారు. సెటప్ షీట్‌లో ఆ అంకె నేను రాయలేదు గనుక బిగించినవారిని తప్పు పట్టలేను. చివరి రెండు మిల్లీమీటర్ల లోతులో కొలెట్ నట్ పాకెట్ అంచును రాసుకుంటూ తిరిగింది. తలుపు తెరిచి చూస్తే అంచు పొడవునా నల్లటి మెరుపుతో లోహం నలిగి ఉంది. అప్పటి నుంచి సెటప్ షీట్‌లో ప్రతి టూల్ పక్కన కనీస పొడవును రాయకుండా ఏ ప్రోగ్రామ్‌నూ బయటికి పంపలేదు.

అలాగని అవసరానికి మించి పొడవు పెట్టడమూ సరికాదు. అదే బలానికి టూల్ వంగే మేర దాని బయటి పొడవు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది. పొడవు రెట్టింపు అయితే వంపు ఎనిమిది రెట్లు అవుతుంది. మన జాబ్‌లో అన్నిటికంటే లోతైన మిల్లింగ్ బయటి అంచు, జడ్ 8.5 వరకు, అంటే పూర్తయిన ముఖం నుంచి 20.5 మి.మీ. దానికి 22 మి.మీ. కోత పొడవున్న 10 మి.మీ. మూడు దంతాల కార్బైడ్ ఎండ్ మిల్‌ను 30 మి.మీ. బయటికి ఉంచితే చాలు.

స్పీడ్, ఫీడ్ లెక్క

సాఫ్ట్‌వేర్ తనంతట తాను నింపే అంకెలను నమ్మి వదిలేయకండి; ఈ లెక్క చేతితో చేయగలగాలి. స్పిండిల్ వేగం కావాలంటే కోత వేగాన్ని 1000తో హెచ్చించి, టూల్ వ్యాసాన్ని 3.1416తో హెచ్చించగా వచ్చిన దానితో భాగించాలి. 6061 అల్యూమినియంలో కార్బైడ్ టూల్‌కు నిమిషానికి 250 మీటర్ల కోత వేగం మంచి ఆరంభం. 10 మి.మీ. టూల్‌కు నిమిషానికి సుమారు 7,950 చుట్లు వస్తాయి. ఒక్కో దంతానికి 0.05 మి.మీ. చొప్పున మూడు దంతాలకు ఫీడ్ (టూల్ ముందుకు కదిలే వేగం) నిమిషానికి సుమారు 1,190 మి.మీ. అవుతుంది. మీ స్పిండిల్ గరిష్ఠ వేగం 6,000 అయితే ఫీడ్ కూడా అదే నిష్పత్తిలో 900కు దిగాలి. స్పీడ్ తగ్గించి ఫీడ్ పాతదే ఉంచితే ఒక్కో దంతం మోయవలసిన చిప్ మందం పెరిగిపోతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. టూల్ పక్కకు తన వ్యాసంలో సగం కంటే తక్కువ లోహాన్ని కోస్తున్నప్పుడు చిప్ మనం లెక్కించిన మందానికి చేరదు. 10 మి.మీ. టూల్ పక్కకు 1 మి.మీ. మాత్రమే కోస్తుంటే 0.05కు బదులు గరిష్ఠంగా 0.03 మి.మీ. మందమే వస్తుంది. చిప్ మరీ పలచనైతే దంతం కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, వేడి పుడుతుంది, అల్యూమినియం దంతానికి అంటుకుంటుంది. కాబట్టి ఆ ఆపరేషన్‌లో ఫీడ్‌ను 1.67 రెట్లు, అంటే సుమారు 1,990 వరకు పెంచాలి. మెల్లగా పోతే టూల్‌కు క్షేమం అన్న నమ్మకం చాలామందిలో ఉంది. పలచని కోతలో ఆ నమ్మకమే టూల్‌ను పాడు చేస్తుంది.

టూల్‌పాత్‌లు

మొదట ఫేసింగ్. 50 మి.మీ. ఫేస్ మిల్‌తో జడ్ 29 వరకు లోతులో ఒకే పాస్ సరిపోతుంది. టూల్ దిమ్మె బయట మొదలై బయటే ముగిసేలా చూడండి, అంతే.

పాకెట్‌లో లోహం తీసే రఫింగ్ దగ్గర కాస్త నిలవండి. పాత తరహా పాకెట్ టూల్‌పాత్ పాకెట్ ఆకారాన్నే లోపలికి కుదిస్తూ వలయాలుగా తిరుగుతుంది. సూటి గీత మీద సగం వ్యాసం కోస్తున్న టూల్ మూలలోకి వెళ్లగానే తన ముందు సగమంతా లోహంలో మునిగిపోతుంది. ఆ మూల దగ్గరే శబ్దం మారుతుంది, అక్కడే టూల్ విరుగుతుంది. అడాప్టివ్ లేదా డైనమిక్ అని పిలిచే టూల్‌పాత్ మరో విధంగా నడుస్తుంది. టూల్ లోహాన్ని తాకే కోణం ఎక్కడా ఒక హద్దు దాటకుండా దారిని వంచుతుంది, మూలలను చిన్న చిన్న వంపులతో కొద్దికొద్దిగా తొలుస్తుంది. భారం ఒకేలా ఉంటుంది కాబట్టి పక్కకు కోత తగ్గించి, లోతు పూర్తిగా తీసుకోవచ్చు. మన పాకెట్‌కు 12 మి.మీ. లోతునూ ఒకేసారి తీసుకుని, పక్కకు 1 మి.మీ. పెట్టి, పైన లెక్కించిన 1,990 ఫీడ్ ఇవ్వండి. దంతం కొనలోని రెండు మిల్లీమీటర్లే కాకుండా కోత పొడవులో సగానికి పైగా పని చేస్తుంది గనుక అరుగుదల సమంగా పంచుకుంటుంది.

టూల్ లోహంలోకి దిగే పద్ధతిని హెలికల్‌గా, సుమారు 2 డిగ్రీల వాలుతో పెట్టండి. నిలువుగా గుచ్చే పద్ధతిని ఎంచుకోకండి. ఎండ్ మిల్ మధ్య భాగం కోయడంలో బలహీనం, పైగా చిప్స్ పైకి రావడానికి దారి ఉండదు. గోడలకు 0.3 మి.మీ., అడుగుకు 0.2 మి.మీ. లోహం మిగల్చండి. రఫింగ్ టాలరెన్స్ ఈ మిగులు కంటే బాగా తక్కువగా, 0.05 లాగా ఉండాలి. లేకపోతే రఫింగ్ టూల్ పూర్తయిన గోడలోకే చొచ్చుకుపోవచ్చు. బయటి అంచుకు కూడా ఇదే టూల్‌తో, ఇదే పద్ధతిలో జడ్ 8.5 వరకు రఫింగ్ ఇవ్వండి. పలక అడుగు జడ్ 9 కాబట్టి అర మిల్లీమీటరు అదనంగా దిగుతున్నామన్నమాట. కింద దవడ 6 దగ్గర ఉంది, 2.5 మి.మీ. ఖాళీ మిగిలింది.

ఫినిషింగ్‌లో ముందు పాకెట్ అడుగు, తరువాత గోడలు కోయించండి. గోడల కాంటూర్‌కు (గోడ వెంట తిరిగే దారికి) క్లైంబ్ మిల్లింగ్‌నే ఎంచుకోండి. చిప్ మందంగా మొదలై పలచగా ముగుస్తుంది కాబట్టి ఉపరితలం నునుపుగా వస్తుంది. ఈ ఆపరేషన్‌లో కాంపెన్సేషన్ (టూల్ కొలతను బట్టి దారిని జరపడం) రకాన్ని వేర్, అంటే అరుగుదల, అని పెట్టడం తప్పనిసరి. అప్పుడు టూల్ వ్యాసార్థాన్ని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది, ప్రోగ్రామ్‌లో ఆ సవరణను అమలు చేసే జి41 కోడ్ వస్తుంది, అరుగుదల సవరణ మాత్రం ఆపరేటర్ చేతిలో ఉంటుంది. ఇందాక చెప్పిన 30.025 లక్ష్యాన్ని ఈ దారిలోనే అందుకుంటాం. కొలిస్తే వెడల్పు 29.985 వచ్చిందనుకోండి, తక్కువైనది 0.04, ఒక్కో గోడకు 0.02. వేర్ ఆఫ్‌సెట్‌లో వ్యాసార్థం గడిలో మైనస్ 0.02 వేసి ఆ ఒక్క ఆపరేషన్‌ను మళ్లీ నడిపిస్తే చాలు. కొన్ని మెషీన్లలో ఆ గడి వ్యాసాన్ని అడిగేలా సెట్ చేసి ఉంటుంది కాబట్టి ముందుగా నిర్ధారించుకోండి. ఇంకో షరతు: కాంపెన్సేషన్ సూటి గీత మీదే మొదలు కావాలి. టూల్ గోడను చేరే లీడ్-ఇన్‌లో చాపానికి ముందు చిన్న సూటి గీత లేకపోతే కంట్రోలర్ అలారం ఇచ్చి ఆగిపోతుంది.

రంధ్రాలకు వద్దాం. ఎం8 ట్యాప్‌కు డ్రిల్ 6.8 మి.మీ. స్పాట్ డ్రిల్‌తో చిన్న గుంట పెట్టి, తరువాత డ్రిల్ పంపండి. 118 డిగ్రీల కొన ఉన్న డ్రిల్‌లో శంకువు భాగం వ్యాసంలో సుమారు 0.3 వంతు, మన డ్రిల్‌కు 2 మి.మీ. పైచిలుకు. సాఫ్ట్‌వేర్‌లో లోతును కొన వరకు కొలుస్తున్నారా, పూర్తి వ్యాసం వరకు కొలుస్తున్నారా అన్న ఎంపికను గమనించండి. కొన జడ్ 1.5 వరకు దిగితే పూర్తి వ్యాసం 3.5 పైన మొదలవుతుంది. ప్యారలల్స్ తాకకుండా 1.5 మి.మీ. మిగులుతుంది. రంధ్రం ఇప్పుడే ఆరపార పోనవసరం లేదు, రెండో సెటప్‌లో అడుగు లోహం తీసినప్పుడు తనంతట తానే తెరుచుకుంటుంది. చిప్స్ నిలవకుండా కొద్దికొద్దిగా దిగి పైకి వచ్చే జి83 పెక్ సైకిల్ ఇవ్వండి. ట్యాప్‌ను జడ్ 5 వరకు పంపితే, కొన దగ్గరి అసంపూర్ణ మరలు పలక అడుగైన 9 కంటే కిందే ఉండిపోతాయి. ప్రస్తుతానికి రంధ్రం అడుగు మూసి ఉంది కాబట్టి చిప్స్‌ను పైకి తెచ్చే స్పైరల్ ఫ్లూట్ ట్యాప్ వాడండి. స్పిండిల్ చుట్లతో దిగుడును ముడిపెట్టే రిజిడ్ ట్యాపింగ్‌లో ఫీడ్‌కు ఊహ లేదు: పిచ్ (మరకూ మరకూ మధ్య దూరం) 1.25ను 500 చుట్లతో హెచ్చిస్తే సరిగ్గా 625. స్పీడ్ మార్చిన ప్రతిసారీ ఈ అంకె మారిందో లేదో చూడండి.

చివరగా ఛాంఫర్. 90 డిగ్రీల ఛాంఫర్ టూల్ కొనతో కోయకుండా, కొనను అంచుకు కాస్త కిందికి పంపే టిప్ ఆఫ్‌సెట్ ఇవ్వండి. కొన దగ్గర కోత వేగం సున్నాకు చేరువగా ఉంటుంది గనుక అక్కడ లోహం తెగదు, చిరుగుతుంది.

సిమ్యులేషన్‌లో ఏం చూడాలి

రంగు రంగుల లోహం కరిగిపోతున్నట్టు కనిపించే ఆ బొమ్మను వేగంగా తిప్పి ముగించవద్దు. మూడు చోట్ల ఆపి చూడండి: ప్రతి టూల్ మొదటిసారి లోహంలోకి దిగే చోటు, ఒక పాకెట్ నుంచి మరో చోటికి రాపిడ్‌లో (కోయకుండా పూర్తి వేగంతో) కదిలే ఎత్తు, అన్నిటికంటే లోతైన చోట హోల్డర్‌కు గోడకు మధ్య ఖాళీ. తరువాత పూర్తయిన స్టాక్‌ను మోడల్‌తో పోల్చే సౌకర్యాన్ని వాడి, ఎక్కడ లోహం మిగిలిందో, ఎక్కడ ఎక్కువ కోసిందో రంగుల్లో చూసుకోండి. సాఫ్ట్‌వేర్ లోపల నడిచే ఈ సిమ్యులేషన్ సాధారణంగా టూల్‌పాత్‌ను చూపుతుంది గాని, మెషీన్‌కు వెళ్లే జి-కోడ్‌ను చదివి చూపదు. పోస్ట్ ప్రాసెసర్‌లో తప్పుంటే అది ఇక్కడ కనిపించదు.

పోస్ట్ ప్రాసెసింగ్, జి-కోడ్ చదవడం

టూల్‌పాత్‌ను మీ కంట్రోలర్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చేది పోస్ట్ ప్రాసెసర్. జి-కోడ్‌కు ఐఎస్ఓ 6983 ప్రమాణం ఉన్నా, ఫానక్, సీమెన్స్, హాస్ కంట్రోలర్ల మధ్య సైకిళ్లు, టూల్ మార్పు వరుస, చివరికి ప్రోగ్రామ్ పేరు రాసే తీరు కూడా తేడాగా ఉంటాయి. హైడెన్‌హైన్‌కు తన సొంత సంభాషణ తరహా భాషే ఉంది. కాబట్టి మెషీన్‌కు సరిపోయే పోస్ట్‌ను ఎంచుకుని, ప్రతి టూల్ మొదటి పది లైన్లను కళ్లతో చదవండి. ఫానక్ తరహా ప్రోగ్రామ్‌లో మీకు కనిపించవలసినవి ఇవి: మిల్లీమీటర్లకు జి21, ఎక్స్-వై తలానికి జి17, అబ్సల్యూట్ కొలతలకు జి90, టూల్ మార్పుకు టి1 ఎం6, వర్క్ ఆఫ్‌సెట్‌కు (జాబ్ జీరో ఎక్కడుందో చెప్పే విలువకు) జి54, స్పిండిల్‌కు ఎస్7950 ఎం3, టూల్ పొడవుకు జి43 హెచ్1 జడ్80., కూలెంట్‌కు ఎం8. టి తరువాత ఉన్న అంకె, హెచ్ తరువాత ఉన్న అంకె ఒకటేనా అని చూడండి. టి3 టూల్‌కు హెచ్2 పొడవు పడితే మెషీన్ ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఆ పొడవునే నమ్మి కిందికి దిగుతుంది.

పైన జడ్80 తరువాత చుక్క ఉండడం గమనించారా? అది ముద్రణ దోషం కాదు. చాలా ఫానక్ తరహా కంట్రోలర్లలో, సెట్టింగ్‌ను బట్టి, చుక్క లేని జడ్80ని 80 మైక్రాన్లుగా, అంటే 0.08 మి.మీ.గా చదువుతాయి. పోస్ట్ ప్రాసెసర్ చుక్కలను సరిగ్గానే పెడుతుంది. మెషీన్ దగ్గర చేతితో ఒక లైన్ మార్చేవారే దాన్ని మరిచిపోతారు. మన సెటప్‌లో 80 మి.మీ. ఎత్తుకు వెళ్లవలసిన టూల్, ఆ ఒక్క చుక్క లేనందువల్ల ప్యారలల్స్ మట్టం దాకా రాపిడ్‌లో దూసుకుపోతుంది.

మెషీన్ దగ్గర మొదటి జాబ్

సెటప్ షీట్‌ను చేతిలో పట్టుకుని వెళ్లండి. వైస్ స్థిర దవడను డయల్ ఇండికేటర్‌తో సరిచూసి, దిమ్మెను బిగించి, ప్యారలల్స్ కదలడం లేదని వేలితో తోసి చూడండి. ఆఫ్‌సెట్లు నింపాక, వర్క్ ఆఫ్‌సెట్‌లో జడ్‌ను 50 మి.మీ. పైకి జరిపి, ప్రోగ్రామ్ మొత్తాన్ని గాలిలో నడిపించండి. మన లోతైన కోత, అంటే డ్రిల్‌ది, పూర్తయిన ముఖం నుంచి 27.5 మి.మీ. మాత్రమే కాబట్టి ఏ టూల్ కూడా దిమ్మెను తాకకూడదు. ఆ తరువాత 50ని తీసేసి, తీసేసినట్టు మరొకరి చేత చూపించుకోండి.

నిజమైన కోతలో సింగిల్ బ్లాక్ (ఒక్కో లైన్ తరువాత ఆగే పద్ధతి) వేసి, రాపిడ్‌ను 25 శాతానికి తగ్గించి, వేలిని కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద ఉంచండి. టూల్ దిమ్మెకు కొన్ని మిల్లీమీటర్ల ఎత్తుకు రాగానే ఆపి, తెర మీద ఇంకా ఎంత దూరం వెళ్లాలో చూపే అంకెను కళ్ల ముందున్న ఖాళీతో పోల్చండి. తెర 5 మి.మీ. అంటూ ఉండగా కంటికి 2 మి.మీ. ఖాళీయే కనిపిస్తే, రీసెట్ నొక్కి కారణం వెతకండి. ఈ పోలిక ప్రతి టూల్‌కూ ఒకసారి చేయాలి. కోత మొదలయ్యాక తలుపు మూసి ఉంచి శబ్దం వినండి. ఒకే స్థాయిలో సాగే గుర్రుమనే శబ్దం మంచిది, కీచుమంటే ఫీడ్‌ను తగ్గించడం కంటే ముందు స్పిండిల్ వేగాన్ని పది శాతం దించి చూడండి.

రెండో సెటప్

పలకను వైస్ నుంచి తీయకముందే పాకెట్ వెడల్పు, బయటి కొలతలు చూసుకోండి. తీసేశాక అదే స్థానంలో మళ్లీ పెట్టడం దాదాపు అసాధ్యం. అన్నీ సరిగ్గా ఉంటే బర్‌లు (అంచులకు మిగిలిన లోహపు ముళ్లు) తీసి, ఒక మూలకు గుర్తు పెట్టి, తిప్పండి. ఇప్పుడు పూర్తయిన ముఖం ప్యారలల్స్ మీద కూర్చుంటుంది, అదే జడ్ జీరో. ప్యారలల్స్‌ను పాకెట్ నోటి కింద కాకుండా దవడల పక్కన, గట్టి అంచు కింద ఉంచండి. దవడలు నొక్కేది సరిగ్గా పాకెట్ గోడలనే కాబట్టి, మొదటిసారి బిగించినంత బలం వాడవద్దు. ఎక్స్, వై జీరోలను ఈసారి పూర్తయిన అంచుల నుంచి తీసుకోండి. ఒకే పక్క తాకిస్తున్నారు గనుక ఎడ్జ్ ఫైండర్ వ్యాసార్థం తనంతట తాను రద్దు కాదు, 10 మి.మీ. ఎడ్జ్ ఫైండర్ అయితే 5 మి.మీ. కలపాలి.

తీయవలసిన 9 మి.మీ. లోహాన్ని లోతు వారీగా ఎలా పంచుతామన్నది ముఖ్యం. పలక చుట్టూ ఉన్న అదనపు అంచు ఈ సెటప్‌లో జడ్ 20.5 దగ్గర మొదలవుతుంది. ఒక పాస్ 21 దగ్గర ఆగితే ఆ అంచు అర మిల్లీమీటరు రేకులా మిగిలి, తరువాతి పాస్‌లో చిరిగి టూల్‌కు చుట్టుకుంటుంది. అందుకే 2.9 మి.మీ. చొప్పున మూడు పాస్‌లు ఇచ్చి జడ్ 20.3 వరకు దిగండి; మూడో పాస్‌లో అంచు మందంగా ఉండగానే పూర్తిగా తెగిపోతుంది. మిగిలిన 0.3ను ఫినిషింగ్‌కు వదిలి, మైక్రోమీటర్‌తో మందం కొలిచి, అవసరమైన మేరకు టూల్ పొడవు వేర్‌ను సరిచేసి 20కి తీసుకురండి. ఇప్పుడు తెరుచుకున్న నాలుగు రంధ్రాల అంచులకు, బయటి అంచుకు ఛాంఫర్ ఇవ్వండి.

మెషీన్ దగ్గర మార్చిన ప్రతి ఫీడ్, ప్రతి ఎత్తు, ప్రతి లీడ్-ఇన్‌ను అదే రోజు క్యామ్ ఫైల్‌లో కూడా మార్చి, మళ్లీ పోస్ట్ చేసి భద్రపరచండి. సవరణ జి-కోడ్‌లో మాత్రమే ఉంటే, ఆరు నెలల తరువాత అదే జాబ్ తిరిగి వచ్చినప్పుడు సాఫ్ట్‌వేర్ పాత తప్పునే మళ్లీ రాసి ఇస్తుంది.